ఆట విధానంలోకి వచ్చింది.. పిల్లల గదిలోకి వచ్చేదెప్పుడు?

ఏటా జూన్ 11ను అంతర్జాతీయ ఆట దినోత్సవంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2024 మార్చిలో తీర్మానించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరుచుకుంటాయి. మూడు, నాలుగేళ్ల పిల్లలు లక్షల సంఖ్యలో తొలిసారి ఇంటి గడప దాటి అంగన్‌వాడీకో, నర్సరీకో వెళ్తారు. అక్కడ వారికి ముందుగా ఎదురయ్యేది బొమ్మల బుట్టా, పలకా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. రాబోయే పదేళ్ల చదువు చాలావరకు దాని సమాధానంపైనే ఆధారపడి ఉంటుంది.

దేశ విధానం ఈ విషయంలో తడబడలేదు. 2020 జులై 29న ఆమోదం పొందిన జాతీయ విద్యా విధానం మూడేళ్ల వయసు నుంచే విద్యను లెక్కలోకి తీసుకుంది. 2022 అక్టోబరు 20న విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటే ప్రధాన బోధన మార్గమని ప్రకటించింది. ఆరేళ్ల లోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలు నిర్దేశించవద్దని కూడా చెప్పింది. అయినా దేశంలో ఏ పట్టణంలోనైనా ఎల్‌కేజీ గదిలోకి తొంగి చూస్తే నాలుగు గీతల నోటుపుస్తకాలు, నిండిన బోర్డు, చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. విధానానికీ గదికీ మధ్య ఈ దూరం ఎందుకు ఏర్పడింది, దాన్ని తగ్గించేది ఏమిటి అన్నదే ఇప్పుడు చర్చించవలసిన అంశం.

మాటల్లోనే చిన్నచూపు

ఆటను పెద్దలు ఎలా చూస్తారో మన వాడుక భాషే చెబుతుంది. ఒకరిని గద్దించాలంటే ‘ఆటలుగా ఉందా’ అంటాం. ఆగడాలను అరికట్టడం ‘ఆటలు కట్టించడం’. లెక్కలోకి రాని మనిషి ‘ఆటలో అరటిపండు’. బాల్యంలో క్రమశిక్షణ అవసరమని చెప్పడానికి ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ ప్రయోగాల్లో ఆట అంటే పని కానిది, చదువుకు అడ్డు వచ్చేది.

అదే భాషలో మరో సంప్రదాయమూ ఉంది. పిల్లలు ఆకులు, మట్టి, చిట్టి గిన్నెలతో వంట చేసి వడ్డించుకునే ఆటకు తెలుగువారు ‘గుజ్జనగూళ్లు’ అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు. బొమ్మల పెళ్లి, చెమ్మచెక్క, దాగుడుమూతలు, అచ్చనగాయలు, వామనగుంటలు.. ఒక్కొక్క ఆటకూ పేరుంది, నియమాలున్నాయి, వయసుంది. ‘ఆటపాటలు’ అనే జంట మాటలో ఆటా పాటా విడదీయరానివి. పిల్లల లోకాన్ని ఇంత శ్రద్ధగా గమనించిన సమాజం, బడి దగ్గరికి వచ్చేసరికి ఆ గమనింపును గడప బయటే వదిలేసింది.

ఆటలో జరిగే పని

గుజ్జనగూళ్లు ఆడే నాలుగేళ్ల పాప ఇసుకను అన్నం అంటుంది, బాదం ఆకును విస్తరి అంటుంది. అది ఇసుకే అని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఒక వస్తువును మరో వస్తువుకు ప్రతినిధిగా నిలబెడుతుంది. రష్యన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో చేసిన ఉపన్యాసంలో కర్రను గుర్రంగా భావించే పిల్లవాడి ఉదాహరణతో వివరించింది ఈ శక్తినే. వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం పిల్లలు ఆటలోనే నేర్చుకుంటారని ఆయన వాదించారు. అక్షరం కూడా ఇలాంటి ప్రతినిధే. ‘క’ అనే గీతల కూడికకు ఆ ధ్వనితో సహజ సంబంధమేదీ లేదు. ఇసుకను అన్నంగా అంగీకరించిన మనసుకు గీతను ధ్వనిగా అంగీకరించడం సులువు.

అదే ఆటలో ఇంకా చాలా జరుగుతుంది. ‘నువ్వు అమ్మ, నేను చుట్టం’ అని పాత్రలు పంచుకోవాలి. చుట్టం వంట గదిలోకి రాకూడదన్న నియమాన్ని ఒప్పుకోవాలి, కోపం వచ్చినా పాత్ర వదలకూడదు. తన వంతు వచ్చేవరకు ఆగాలి. నిగ్రహం, జ్ఞాపకం, మనసు మార్చుకోగల నేర్పు ఇక్కడ ఒకేసారి సాధన అవుతాయి. వైద్యులు కూడా దీన్ని గుర్తించారు. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2018లో విడుదల చేసిన నివేదిక, చిన్న పిల్లల వైద్య పరీక్షల సమయంలో ఆట అవసరాన్ని తల్లిదండ్రులకు వివరించాలని వైద్యులకు సూచించింది.

సృజన విషయంలో భాష నుంచి మరో ఆధారం దొరుకుతుంది. రెండున్నర, మూడేళ్ల తెలుగు పిల్లలు ‘కాళ్లు’ అనడానికి బదులు ‘కాలులు’ అనడం, ‘ఊళ్లు’ అనడానికి బదులు ‘ఊరులు’ అనడం ఇళ్లలో వినిపిస్తుంటుంది. పెద్దలెవరూ ఆ మాటలు వాడరు కాబట్టి వాటిని పిల్లలు విని నేర్చుకోలేదు. బహువచనానికి ‘లు’ చేర్చాలన్న నియమాన్ని తామే కనిపెట్టి, కొత్త చోట ప్రయోగించి చూశారు. వ్యాకరణం దృష్టిలో అది తప్పు. నేర్చుకునే ప్రక్రియ దృష్టిలో అది సొంతంగా సాధించిన సిద్ధాంతం. ఎవరూ బోధించకుండానే ఇంత పని చేయగల మనసుకు ‘నేను చెప్పింది మాత్రమే తిరిగి చెప్పు’ అనే తరగతి ఏం చేస్తుంది?

ఆ ప్రశ్నను ప్రయోగశాలలో పరీక్షించిన వారున్నారు. ఎలిజబెత్ బోనావిట్జ్, లారా షుల్జ్ తదితరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో పరిశోధకులు నాలుగు, అయిదేళ్ల పిల్లలకు గొట్టాలతో చేసిన ఒక కొత్త బొమ్మను ఇచ్చారు. అందులో నాలుగు వింతలు దాగి ఉన్నాయి: ఒకచోట లాగితే కీచుమంటుంది, ఇంకోచోట దీపం వెలుగుతుంది, మరోచోట సంగీతం వస్తుంది, వేరొకచోట అద్దం ఉంటుంది. కొందరు పిల్లలకు ‘ఇది ఇలా పనిచేస్తుంది’ అని ఒక్క వింతను మాత్రమే నేర్పారు. మిగతావారి ముందు ఆ వింత యాదృచ్ఛికంగా జరిగినట్టు చూపారు, లేదా ఏమీ చెప్పకుండా బొమ్మ చేతికిచ్చారు. నేర్పించుకున్న పిల్లలు ఆ ఒక్క పనినే ఎక్కువగా చేస్తూ ఉండిపోయారు. నేర్పనివారు ఎక్కువసేపు ఆడి, మిగతా వింతలను ఎక్కువగా కనిపెట్టారు. బోధన తప్పని ఈ ప్రయోగం చెప్పలేదు. చెప్పిన విషయాన్ని పిల్లలు బాగానే పట్టుకున్నారు. అయితే ‘చెప్పవలసింది ఇంతే’ అన్న సంకేతాన్ని కూడా దానితోపాటే పట్టుకున్నారు. ఎప్పుడు చూపాలో, ఎప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవాలో తెలియడమే చిన్న పిల్లల ఉపాధ్యాయురాలి విద్య అని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇది దిగుమతి ఆలోచన కాదు

ఆటతో విద్య అనగానే విదేశీ పద్ధతి అన్న భావన మధ్యతరగతిలో ఉంది. ఖరీదైన ప్లే స్కూళ్ల ప్రకటనలు దాన్ని బలపరుస్తాయి. చరిత్ర వేరుగా ఉంది. న్యాయవాద వృత్తిని వదిలి విద్యారంగంలోకి వచ్చిన గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. మాంటిస్సోరి పద్ధతిని ఆయన యథాతథంగా తెచ్చుకోలేదు. కథలు, జానపద ఆటలు, నాటకం, తోటపనితో గుజరాతీ ఇంటి వాతావరణానికి తగినట్టు మార్చుకున్నారు. ఉపాధ్యాయుడి ప్రయోగాలను కథగా చెప్పిన ఆయన ‘దివాస్వప్న’ అనేక భారతీయ భాషల్లోకి అనువాదమైంది.

ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్, ఆమె సహచరి అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, తర్వాత కోస్‌బాడ్ కొండ మీద ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. బాలవాడికి పిల్లలు రాకపోతే బాలవాడినే పిల్లల ముంగిటికి తీసుకెళ్లారు. ఆకులు, గింజలు, గులకరాళ్లు, మట్టి.. దొరికిన వస్తువులే బోధన సామగ్రి. ‘అంగన్’ అంటే ముంగిలి. ‘అంగన్‌వాడీ’ భావన వారి పని నుంచే వచ్చింది. ఇవాళ ఆ మాట వినగానే కోడిగుడ్డు, బాలామృతం, బరువు తూచే యంత్రం గుర్తుకు రావచ్చు. కానీ ఆ మాట పుట్టుకలో ఉన్నది ముంగిట్లో ఆడుకునే పిల్లలే.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో చోటుంది. ‘రేడియో అన్నయ్య’గా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి దంపతులు ఆకాశవాణి బాలల కార్యక్రమాలతో, బాలానంద సంఘంతో, 1945లో మొదలైన ‘బాల’ పత్రికతో పిల్లల ఆటపాటలకు ఒక గౌరవాన్ని తెచ్చారు. పిల్లలు విని ఊరుకోకుండా తామే పాడి, ఆడి, రాసే వేదికలు అవి.

చట్టంలో ఒక్క మాట తేడా

సమీకృత శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. నేడు సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలతో ప్రపంచంలోనే అతిపెద్ద శిశు సంరక్షణ వ్యవస్థల్లో ఒకటిగా నిలిచింది. పూర్వ ప్రాథమిక విద్య మొదటి నుంచీ దాని ఆరు సేవల్లో ఒకటి. అయితే మిగతా అయిదు సేవలకు లెక్క ఉంది: ఎంత బియ్యం, ఎన్ని గుడ్లు, ఎన్ని టీకాలు. ఆటకు లెక్క లేదు. లెక్క లేనిది సమీక్షా సమావేశంలో ప్రస్తావనకు రాదు, ప్రస్తావనకు రానిది నెమ్మదిగా ఆచరణ నుంచీ జారిపోతుంది.

చట్టం కూడా ఇక్కడ మెత్తబడింది. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణ, విద్యను మాత్రం 45వ అధికరణ కింద రాజ్యం ‘ప్రయత్నించవలసిన’ ఆదేశిక సూత్రంగా ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ ప్రకారం పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’. ‘చేయాలి’ అని లేదు. 2030 నాటికి అందరికీ పూర్వ ప్రాథమిక విద్య అందాలన్న జాతీయ విద్యా విధానం లక్ష్యం ఈ ‘చేయవచ్చు’ మీద నిలబడి ఉంది.

ఆ విధానం తర్వాత పథకాలకు కొదవ లేదు. 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలైంది. 2023 ఫిబ్రవరిలో ఆటవస్తువులు, పజిళ్లు, కథల పుస్తకాలు, తోలుబొమ్మలతో కూడిన ‘జాదుయీ పిటారా’ను కేంద్ర విద్యాశాఖ విడుదల చేసింది. అదే ఏడాది మేలో మహిళా శిశు సంక్షేమ శాఖ ‘పోషణ్ భీ పఢాయీ భీ’ని ప్రారంభించింది. 2024లో మూడేళ్లలోపు పిల్లలకు ‘నవచేతన’, 3-6 ఏళ్ల వారికి ‘ఆధారశిల’ చట్రాలు వచ్చాయి. అంగన్‌వాడీలను పాఠశాల ప్రాంగణాల్లోకి చేర్చే విషయంపై 2025 సెప్టెంబరులో మార్గదర్శకాలు వెలువడ్డాయి. కాగితం మీద ఆటకు ఇంతటి గౌరవం స్వతంత్ర భారతంలో ఎప్పుడూ దక్కలేదు.

గదిలో కనిపించేది

అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ కేంద్రం యునిసెఫ్ సహకారంతో కలిసి చేసిన అధ్యయనం ఈ విషయంలో విలువైనది. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో సుమారు 14,000 మంది గ్రామీణ పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా అనుసరించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. అయిదేళ్లు నిండి బడిలో చేరే నాటికి చాలామంది పిల్లల్లో చదువుకు తగిన సంసిద్ధత లేదని తేలింది. అంగన్‌వాడీల్లో విద్యకు దక్కిన సమయం తక్కువ. ప్రైవేటు బడుల్లో సమయం ఉన్నా, అది ఒకటో తరగతి బోధనను కిందికి జరిపినట్టుగా సాగింది. రెండు చోట్లా పిల్లల వయసుకు తగిన ఆట కార్యక్రమాలు కరవే. కార్యక్రమాల నాణ్యత బాగున్నచోట మాత్రం సంసిద్ధతా మెరుగ్గా కనిపించింది.

ఆ తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. గ్రామీణ ప్రాంతాల అసర్-2024 నివేదిక ప్రకారం మూడేళ్ల పిల్లల్లో 77.4 శాతం, నాలుగేళ్ల వారిలో 83.3 శాతం ఏదో ఒక పూర్వ ప్రాథమిక కేంద్రంలో ఉన్నారు. ఒకటో తరగతిలో అయిదేళ్లు, అంతకంటే చిన్నవారి వాటా 2018లో 25.6 శాతం ఉండగా 2024లో 16.7 శాతానికి తగ్గింది. అంటే పిల్లలు కేంద్రాలకు వస్తున్నారు, తగిన వయసు దాకా అక్కడే ఉంటున్నారు. వారిని తీసుకురావడమన్న సమస్య చాలావరకు తీరింది. వచ్చిన పిల్లలతో ఏం చేస్తున్నామన్న సమస్య మిగిలింది.

ప్రైవేటు బడుల ఒత్తిడికి యాజమాన్యాలను మాత్రమే తప్పుపట్టలేం. నెలనెలా ఫీజు కట్టే తల్లికి గదిలో ఏం జరిగిందో తెలిసే మార్గం నోటుపుస్తకం ఒక్కటే. అది రసీదు లాంటిది. పిల్లవాడు ఆ రోజు ఇసుకలో కాలువ తవ్వి, నీరు ఎటు పారుతుందో కనిపెట్టి, పక్కవాడితో పోట్లాడి, మళ్లీ కలిసిపోయాడని చెప్పే రసీదు లేదు. తామే చదువుకు నోచుకోని తల్లిదండ్రులకు ఈ రసీదు మరీ ముఖ్యం. వారి ఆందోళనను అజ్ఞానంగా కొట్టిపారేస్తే ఆట పక్షం గెలవదు. 1993లో యశ్‌పాల్ కమిటీ ‘భారం లేని చదువు’ నివేదికలో నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు వద్దని, పూర్వ ప్రాథమిక సంస్థలకు ప్రమాణాలు విధించాలని సూచించింది. మూడు దశాబ్దాలు గడిచినా ఆ సూచన సగమే అమలైంది.

దీనికి భాష మరో చిక్కు. పాత్రలు పంచుకోవడానికి, వాదించడానికి, ‘ఎందుకు’ అని అడగడానికి పిల్లలకు నోటినిండా మాట కావాలి. తొలిరోజు నుంచే ఇంగ్లిష్‌లో మాత్రమే మాట్లాడాలన్న గదిలో మూడేళ్ల పిల్లవాడి దగ్గర ఉండేవి పది, పదిహేను ఆజ్ఞలు, రంగుల పేర్లు. వాటితో ఆడుకోవడం కుదరదు, చెప్పింది చేయడం మాత్రమే కుదురుతుంది. పునాది దశలో ఇంటి భాషే మాధ్యమంగా ఉండాలని జాతీయ చట్రం చెప్పింది. దాన్ని అమలు చేసేందుకు పిల్లల ఇంటి భాషల వివరాలు సేకరించాలని సీబీఎస్ఈ 2025 మేలో తన పాఠశాలలను కోరింది. ఇక్కడ ‘ఇంటి భాష’ అంటే అందరికీ తెలుగు అని పొరబడకూడదు. కోయ, గోండి, సవర, కువి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు తెలుగు అంగన్‌వాడీ కూడా పరాయి చోటే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషల్లో ప్రాథమిక స్థాయి బహుభాషా విద్యను ప్రారంభించి ఒక దారి చూపింది. ఆ అనుభవాన్ని మూడేళ్ల పిల్లల దాకా విస్తరించవలసి ఉంది.

ఆట ఒక్కటే సరిపోతుందా?

ఆట పక్షాన వాదించేవారు ఎదుర్కోవలసిన ఒక ఫలితం కూడా మన దేశంలోనే వచ్చింది. మోయిరా డిలన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు ఢిల్లీలో ప్రథమ్ సంస్థతో కలిసి 1,540 మంది పిల్లలతో చేసిన ప్రయోగాన్ని 2017లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించింది. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువ, ఆకారాల్లో ఏది భిన్నం వంటి గణిత ఆటలను పిల్లలతో నాలుగు నెలలు ఆడించారు. పరిమాణాలను, ఆకారాలను పోల్చే సహజ శక్తి మెరుగుపడింది. ఆ మెరుగుదల ఏడాదికి పైగా నిలిచింది. కానీ వారు ఒకటో తరగతిలో చేరాక బడి లెక్కల్లో ప్రత్యేక లాభం కనిపించలేదు. ఆటలో పట్టుబడిన భావాన్ని అంకెలకు, గుర్తులకు, మాటలకు కలిపే వంతెన ఎవరో వేయాలి. అది దానంతట అదే పడదు.

మరోవైపు, ఆట లేని బోధనకూ హెచ్చరిక ఉంది. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం నడిపిన ఉచిత పూర్వ ప్రాథమిక కార్యక్రమంలో సీట్లకు లాటరీ వేశారు. సీటు దక్కినవారిని, దక్కనివారిని కలిపి దాదాపు 3,000 మంది పిల్లలను పరిశోధకులు ఆరో తరగతి వరకు అనుసరించారు. తొలి ఏడాది ముగిసేసరికి కార్యక్రమంలో చదివినవారే ముందున్నారు. 2022లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఆరో తరగతికి వచ్చేసరికి పరీక్షల్లోనూ, క్రమశిక్షణలోనూ వారే వెనుకబడ్డారు. కారణాలపై చర్చ కొనసాగుతోంది. అధ్యయనంలో పాల్గొన్న డేల్ ఫారన్ వంటివారు మాత్రం చిన్న పిల్లలను గంటల తరబడి కూర్చోబెట్టి సామూహికంగా బోధించే తీరును గట్టిగా ప్రశ్నించారు. తొందరగా వచ్చిన అక్షరాలు ఎల్లకాలం నిలిచే లాభం కాకపోవచ్చని ఈ ఫలితం గుర్తుచేస్తోంది.

రెండు ఫలితాలనూ పక్కపక్కన పెడితే దారి కొంత స్పష్టమవుతుంది. పిల్లలను వారి మానాన వదిలేయడం విద్య అనిపించుకోదు. బల్ల ముందు బిగించి కూర్చోబెట్టడమూ అనిపించుకోదు. జాతీయ చట్రం స్వేచ్ఛగా ఆడే ఆట, పెద్దల తోడ్పాటుతో ఆడే ఆట, నియమాలతో నిర్వహించే ఆట అని మూడు రకాలు చెప్పింది. మూడింటికీ చోటివ్వాలంటే గదిలో శిక్షణ పొందిన, తీరిక గల ఒక పెద్దమనిషి ఉండాలి. వామనగుంటలు ఆడుతున్న పాప చింతగింజలను గుంటకు ఒకటి చొప్పున పంచుతున్నప్పుడు ‘ఇంకెన్ని మిగిలాయి, చివరిది ఏ గుంటలో పడుతుంది’ అని అడిగే మనిషి. అడిగి, సమాధానం చెప్పేయకుండా ఆగే మనిషి.

అసలు కొరత ఎక్కడ?

ఆ మనిషి సమయమే మన వ్యవస్థలో అన్నిటికంటే అరుదైన వస్తువు. అంగన్‌వాడీ కార్యకర్త ఉదయం పిల్లలను పిలుచుకురావాలి, భోజనం చూడాలి, బరువులు, ఎత్తులు తీసుకోవాలి. గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, టీకాల రోజున సహకరించాలి, సర్వేలకు, ఎన్నికల పనులకు వెళ్లాలి. ‘పోషణ్ ట్రాకర్’ యాప్‌లో వివరాలు నమోదు చేయాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి అయింది. సిగ్నల్ రాని ఊళ్లో ఫోనుతో కుస్తీ పడుతున్న కార్యకర్త చుట్టూ ఇరవై మంది పిల్లలు తిరుగుతుంటే, గోడకు వేలాడే వారపు కార్యక్రమ పట్టిక దానిమానాన అది ఉంటుంది.

ఆమెకు దక్కే ప్రతిఫలం ఇంకో కథ. కేంద్రం ఇచ్చే గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి నెలకు 4,500 రూపాయలు. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. ‘గౌరవ వేతనం’ అన్న మాటే ఆమె ఉద్యోగి కాదని చెప్పడానికి పుట్టింది. అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలైన అంగన్‌వాడీల సమ్మె 40 రోజులకు పైగా సాగి, అత్యవసర సేవల చట్టం ప్రయోగించేదాకా వెళ్లింది. వారి పని అత్యవసరమని ప్రభుత్వం ఆనాడు చట్టపూర్వకంగానే ఒప్పుకున్నట్టయింది. జీతం విషయంలో ఆ అంగీకారం ఇంకా కనిపించవలసి ఉంది.

ఈ కొరత తీరితే ఏమవుతుందో తమిళనాడు చూపింది. అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అక్కడి అంగన్‌వాడీల్లో చేసిన ప్రయోగంలో కొన్ని కేంద్రాలకు విద్య కోసమే సగం పూట పనిచేసే ఒక అదనపు కార్యకర్తను ఇచ్చారు. పూర్వ ప్రాథమిక విద్యకు దక్కే సమయం రెట్టింపైంది. 18 నెలల తర్వాత గణితం, భాష రెండింటిలోనూ పిల్లలు చెప్పుకోదగినంత ముందుకు వెళ్లారు. అనుకోని మరో మేలు కూడా కనిపించింది: పాత కార్యకర్తకు పోషకాహారం చూసుకునే తీరిక దొరికి, ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం తగ్గాయి. ఖర్చుకు పది రెట్లకు మించి ప్రయోజనం ఉంటుందని పరిశోధకులు అంచనా వేశారు. పోషణ, పఢాయీ రెండూ ఒకే చేతి మీద మోపినప్పుడు రెండూ నలిగాయి. రెండో చేయి తోడైనప్పుడు రెండూ బాగుపడ్డాయి.

సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పథకానికి 2025-26 కేంద్ర బడ్జెట్‌లో 21,960 కోట్ల రూపాయలు కేటాయించారు. స్మార్ట్ టీవీలు, నీటి శుద్ధి యంత్రాలు, గోడల మీద బొమ్మలు వస్తున్నాయి. ఇవి అక్కర్లేనివని ఎవరూ అనరు. కానీ టీవీ ముందు కూర్చున్న పిల్లవాడు మళ్లీ చూసేవాడే అవుతాడు, చేసేవాడు కాలేడు.

బొమ్మల విషయానికి వస్తే తెలుగు నేల దగ్గరే సంపద ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి, సహజ రంగులద్దిన బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ రంగులను పునరుద్ధరించిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. మొనలు లేని, నోట్లో పెట్టుకున్నా భయం లేని బొంగరాలు, గిలకలు, చక్రాల బండ్లు చిన్న పిల్లలకు సరిగ్గా సరిపోతాయి. 2021 నుంచి దేశంలో బొమ్మలకు నాణ్యతా ధ్రువీకరణ తప్పనిసరి అయింది, దిగుమతి సుంకమూ పెరిగింది. పరిశ్రమకు ఇచ్చిన ఈ రక్షణలో కొంత భాగాన్ని అంగన్‌వాడీ కొనుగోళ్లుగా మార్చితే కళాకారుడికీ పిల్లలకూ కలిసొస్తుంది. అయితే తాళం వేసిన బీరువాలో ఉన్న బొమ్మ ఎంత మంచిదైనా లాభం లేదు. ‘పోతాయేమో, విరుగుతాయేమో, ఆడిట్‌లో అడుగుతారేమో’ అన్న భయంతో కిట్లను దాచి ఉంచడానికి కారణం సామగ్రి నష్టానికి కార్యకర్తనే బాధ్యురాలిని చేసే నిబంధనలు. బొమ్మ విరగడం అది ఉపయోగపడిందనడానికి గుర్తని దస్త్రాలు ఒప్పుకోవాలి.

చేయగలిగినవి

చేయవలసినవి భారీ ప్రణాళికలు కానక్కర్లేదు. ప్రతి పెద్ద అంగన్‌వాడీకి విద్య కోసమే రెండో కార్యకర్త, లేదా కనీసం రోజుకు రెండు గంటలు యాప్, సర్వే, రిజిస్టర్ల జోలి లేని సమయం మొదటి అవసరం. నెలకోసారి తల్లిదండ్రులను పిలిచి, నోటుపుస్తకానికి బదులు పిల్లలు చేసిన పనిని, చెప్పిన కథను, కట్టిన ఇంటిని చూపించడం రెండోది. రసీదు కావాలన్న తల్లికి అంతకంటే మంచి రసీదు ఇవ్వవచ్చు. ప్రైవేటు పూర్వ ప్రాథమిక బడులను నమోదు చేసి, స్థలం, పిల్లల సంఖ్య, రాత పని విషయంలో కనీస ప్రమాణాలు విధించడం మూడోది. ఇక నాలుగోది అన్నిటికీ మూలం: విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌లో ‘చేయవచ్చు’ను ‘చేయాలి’గా మార్చడం.

బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణ విశ్రాంతిని, ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. భారత్ 1992లోనే దానికి కట్టుబడింది. 2030 లక్ష్యానికి మిగిలిన సమయం తక్కువ. ఈ ఏడాది మూడేళ్లు నిండిన పిల్లలు అప్పటికి ప్రాథమిక బడిలో ఉంటారు. వారి కోసం కొత్త విధానాలు రాయనవసరం లేదు, రాసినవి చాలు. రేపు ఉదయం వారు గదిలోకి వచ్చేసరికి వారితో కలిసి నేల మీద కూర్చోగల తీరిక ఒక కార్యకర్తకు దొరుకుతుందా అన్నదే జిల్లా సమీక్షల్లో అడగవలసిన ప్రశ్న.